మెకన్నాస్ గోల్డ్ రాసిన కార్ల్ ఫోర్‌మన్ ఎవరు?

రీలుపెట్టె:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం నాన్నతో కూర్చుని మెకన్నాస్ గోల్డ్ చూశా. ఆయన ఆ సినిమా ఎన్నిసార్లు చూశారో ఆయనకే లెక్క లేదు. పొద్దుపొడుపున రాతిస్తంభం నీడ పాక్కుంటూ పోయి దారి చూపించే సీను దగ్గరపడేసరికి "ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు" అని నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్, టెలీ సవలాస్... గుర్రాల పేర్లు తప్ప అందరి పేర్లూ చెప్పారు. రాసిందెవరు నాన్నా అంటే మాత్రం "ఎవరో రైటర్లేరా" అన్నారు.

టైటిల్స్‌లో చూస్తే కార్ల్ ఫోర్‌మన్. రచన ఆయనదే, నిర్మాతల్లో ఒకరూ ఆయనే. కాస్త వెతికితే ఈయన్ని ఒకప్పుడు హాలీవుడ్ వెలేసిందని, ఆస్కార్ వచ్చిన స్క్రీన్‌ప్లే మీద ఈయన పేరే లేదని కనిపించింది. ఒకచోట ఒకలా ఉంది, ఇంకోచోట ఇంకోలా ఉంది. ఇక్కడి పెద్దలెవరైనా వివరంగా చెబుతారా?

మార్నింగ్‌షో మూర్తి:
మీ నాన్నగారు మా బ్యాచ్ అన్నమాట. నమస్కారాలు చెప్పండి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆ సినిమా మా ఊరికి మార్నింగ్ షోలో వచ్చేది, పోయేది, మళ్లీ వచ్చేది. డైలాగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా హాలు నిండేది. అర్థం కావడానికి అందులో ఏముంది, బంగారం, దురాశ, చివర్లో భూకంపం. (కొలను సీను కోసమే వచ్చేవాళ్లూ ఉండేవారు. అది వేరే సంగతి.) తమాషా ఏంటంటే 1969లో అమెరికాలో అది బోల్తా కొట్టింది. మూడు గంటల సినిమాగా అనుకున్నదాన్ని కంపెనీవాళ్లు రెండు గంటల చిల్లరకు కోసేశారు. కొన్నిచోట్ల కథ గెంతుతూ పోయేది అందుకే. మన దేశంలో మాత్రం ఏళ్ల తరబడి డబ్బులు రాల్చింది.

1971లో కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు' వెనక ఆ ఊపు కూడా ఉంది. ఆ నిధి వేట కోసం రాజస్థాన్ వెళ్లి తీశారు. దానికి కథ రాసిందెవరో గుర్తుందా? ఆరుద్ర!

ఎర్రబస్సు:
సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన చేత్తోనే కౌబాయ్ కథ. దండం పెట్టాలి గురువుగారూ.

చుక్కాని:
రీలుపెట్టె గారూ, నాకు తెలిసినంత రాస్తాను. కొంచెం పెద్దదే అవుతుంది.

ఫోర్‌మన్ 1914లో షికాగోలో పుట్టాడు. యూదు కుటుంబం. అమ్మానాన్నలకు ఆడవాళ్ల టోపీలు అమ్మే కొట్టు ఉండేది. ఇల్లినాయ్ యూనివర్సిటీలో చేరి, చదువు మధ్యలో వదిలేసి హాలీవుడ్ దారి పట్టాడు. తిరునాళ్లలో పిలుపులు పిలిచే పని దాకా రకరకాల పనులు చేశాడు. 1941లో వీధి కుర్రాళ్ల గ్యాంగు మీద వచ్చే చౌకరకం సినిమాలకు రాయడం మొదలెట్టాడు. యుద్ధం వచ్చాక సైన్యంలో చేరి, ఫ్రాంక్ కాప్రా నడిపిన సినిమా విభాగంలో పనిచేశాడు.

యుద్ధం అయ్యాక స్టాన్లీ క్రామర్ అనే కుర్ర నిర్మాతతో కలిశాడు. పెద్ద స్టూడియోల నీడలో కాకుండా తక్కువ డబ్బుతో గట్టి కథలు తీద్దామన్నది వాళ్ల పట్టుదల. 1949లో 'ఛాంపియన్', కర్క్ డగ్లస్‌ని స్టార్‌ని చేసిన బాక్సింగ్ సినిమా. అదే ఏడాది 'హోమ్ ఆఫ్ ది బ్రేవ్', సైన్యంలో నల్లజాతి సిపాయి పడే బాధ మీద. 1950లో 'ది మెన్', మార్లన్ బ్రాండో మొట్టమొదటి సినిమా. యుద్ధంలో నడుము కింద చచ్చుబడిన సైనికుల కథ. బ్రాండో నిజం ఆసుపత్రి వార్డులో వాళ్ల మధ్యే ఉండి వేషానికి తయారయ్యాడు. 'ఛాంపియన్'కీ 'ది మెన్'కీ ఫోర్‌మన్‌కి ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అప్పటికి వయసు ముప్పై ఆరు.

ఆ తర్వాత 'హై నూన్'. అసలు కథంతా అక్కడుంది. పిల్లాడికి అన్నం పెట్టి వచ్చి రాస్తా.

ఎర్రబస్సు:
సరిగ్గా ఇంటర్వెల్ బ్యాంగ్ దగ్గర ఆపారు అక్కా.

చుక్కాని:
వచ్చేశా.

అప్పటి అమెరికా ఎలా ఉండేదంటే, సినిమాల్లో కమ్యూనిస్టులు దూరారని ప్రతినిధుల సభ కమిటీ ఒకటి విచారణలు పెట్టింది. 1947లో నోరు విప్పని పదిమంది తర్వాత జైలుకు పోయారు. 1951లో రెండో విడత. కమిటీకి నిజానికి కొత్త సమాచారం అక్కర్లేదు, పేర్లు వాళ్ల దగ్గర ఉన్నవే. నువ్వు నీ స్నేహితుల పేర్లు నీ నోటితో చెప్పాలి, అదీ పరీక్ష. చెబితే ఉద్యోగం ఉంటుంది. చెప్పకపోతే ఏ స్టూడియో గేటూ తెరుచుకోదు.

ఫోర్‌మన్ 'హై నూన్' స్క్రిప్టు మీద ఉండగానే సమన్లు వచ్చాయి. కథ తెలిసిందే కదా. పెళ్లి చేసుకుని ఊరు విడిచి పోబోతున్న మార్షల్‌కి, తాను జైలుకు పంపినవాడు పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడని తెలుస్తుంది. సాయం రమ్మని ఊరంతా తిరుగుతాడు. ఒకడు ఇంట్లో ఉండి లేడనిపిస్తాడు. ఒకడికి పెళ్లాం పిల్లలు గుర్తొస్తారు. చర్చిలో అయితే పెద్ద చర్చే నడుస్తుంది, తీరా చూస్తే 'నువ్వు వెళ్లిపోతేనే ఊరికి మంచిది' అంటారు. ఆ మాటల్లో కొన్ని తనతో స్నేహితులు అన్నవేనని ఫోర్‌మన్ తర్వాత చెప్పుకున్నాడు. పొద్దున ఇంట్లో ఫోను మోగడం ఆగిపోయిన మనిషి మధ్యాహ్నం కూర్చుని ఆ సీన్లు రాశాడన్నమాట.

సినిమా నిడివి 85 నిమిషాలు, కథ నడిచేది కూడా ఇంచుమించు అంతే. గోడ గడియారం కనిపించినప్పుడల్లా మనకూ టెన్షన్ అందుకే.

1951 సెప్టెంబరు 24న, షూటింగ్ నడుస్తుండగా, వెళ్లి కమిటీ ముందు కూర్చున్నాడు. ఇప్పుడు నేను పార్టీలో లేనన్నాడు. ఒకప్పుడు ఉన్నావా అంటే రాజ్యాంగం ఐదో సవరణ కింద జవాబు చెప్పనన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ తర్వాత క్రామర్ కంపెనీ ఆయన వాటాకు డబ్బు కట్టి పంపించేసింది. సినిమాలో సహనిర్మాతగా పడాల్సిన పేరు పడలేదు. రచయితగా పేరు మిగిలింది. 1952లో లండన్ వెళ్లిపోయాడు.

రీలుపెట్టె:
ఈ క్రామర్ ఎంత ద్రోహి అండీ! అన్నం పెట్టిన చేతినే...

ముక్కుసూటి:
ఆగండి ఆగండి. ఇలాంటి చోట్ల ఒకణ్ని దేవుణ్ని, ఇంకొకణ్ని రాక్షసుణ్ని చేయడం మనకు అలవాటు. నేను క్రామర్ వకీలును కాదు గానీ కొన్ని ముక్కలు.

ఒకటి, ఫోర్‌మన్ మీద పార్టీ సభ్యుడన్నది పుకారు కాదు, నిజంగానే కొన్నాళ్లు ఉన్నాడు, తర్వాత బయటికి వచ్చాడు. అందులో నేరమేమీ లేదు, కానీ దాన్ని దాచి కథ చెప్పక్కర్లేదు. ఇంకోటి, క్రామర్ అదే 1951లో కొలంబియా కంపెనీతో పెద్ద ఒప్పందం చేసుకున్నాడు. బోలెడు సినిమాలు, బోలెడంత మంది జీతాలు. 'హై నూన్' పాత ఒప్పందం కింద యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కి బాకీ ఉన్న సినిమా. భాగస్వామి ఐదో సవరణ పట్టుకుంటే కంపెనీ మొత్తం మునుగుతుందని భయపడ్డాడు. పిరికితనం అనండి, ఒప్పుకుంటా. ద్రోహం అంటే తూకం వేసి అనాలి. దీని మీద 2002లో ఫోర్‌మన్ పక్షాన డాక్యుమెంటరీ వస్తే క్రామర్ భార్య గట్టిగా ఎదురు చెప్పింది. ఇంకా తేలని తగువే ఇది.

అసలు విశేషం ఏంటంటే, 1958లో ఇదే క్రామర్ 'ది డిఫయంట్ వన్స్' తీశాడు. రాసిన ఇద్దరిలో ఒకరైన నెడ్రిక్ యంగ్ వెలివేతలో ఉన్నవాడే, మారుపేరుతో రాశాడు. తెలిసే పెట్టుకున్నాడు. ఆస్కార్ కూడా వచ్చింది. మరి ఏడేళ్ల కింద ఆ ధైర్యం ఏమైందని అడిగితే నా దగ్గరా జవాబు లేదు.

చుక్కాని:
ముక్కుసూటి గారితో ఒప్పుకుంటాను, చాలావరకు. కానీ 'హై నూన్'లో మార్షల్ వేషం వేసిన గేరీ కూపర్ సంగతి కూడా చెప్పండి మరి.

కూపర్ పక్కా సంప్రదాయవాది. 1947లో కమిటీ ముందుకు వెళ్లి కమ్యూనిజం నాకు నచ్చదని చెప్పి వచ్చినవాడు. అలాంటివాడు ఫోర్‌మన్‌ని తీసేస్తుంటే అడ్డం నిలబడ్డాడు. దర్శకుడు ఫ్రెడ్ జినెమన్ నిలబడ్డాడు. డబ్బు పెట్టిన మనిషి, కాలిఫోర్నియాలో లెట్యూస్ ఆకుకూర పండించే వ్యాపారి, ఆయనా నిలబడ్డాడు. అందువల్లే షూటింగ్ అయ్యేదాకా ఉండగలిగాడు. ఆ తర్వాత ఫోర్‌మన్ సొంత కంపెనీ పెడితే డబ్బు పెడతానని కూపర్ ముందుకొచ్చాడు. కౌబాయ్ సినిమాల హీరో జాన్ వేన్, కాలమిస్టు హెడ్డా హాపర్ లాంటి వాళ్లు ఊపిరాడనివ్వకపోయేసరికి వెనక్కి తగ్గాడు. సినిమాలో ఊరివాళ్లు చేసిందే బయట మార్షల్ వేషగాడూ చేయాల్సి వచ్చింది.

జాన్ వేన్ 1971లో ఒక ఇంటర్వ్యూలో 'హై నూన్' అంత అమెరికా వ్యతిరేక సినిమా చూడలేదని, ఫోర్‌మన్‌ని దేశం నుంచి తరమడంలో తనకు భాగం ఉన్నందుకు విచారం లేదని చెప్పాడు. చివర్లో కూపర్ తన మార్షల్ బిళ్లను కాలికింద వేసి తొక్కుతాడు అన్నాడు కూడా. తొక్కడండీ. మట్టిలో పడేసి బండెక్కి వెళ్లిపోతాడు. ఇదే వేన్ 1953లో కూపర్ రాలేకపోతే 'హై నూన్'కి వచ్చిన ఉత్తమ నటుడి ఆస్కార్‌ని కూపర్ తరఫున స్టేజీ ఎక్కి తీసుకున్నాడు.

ఎర్రబస్సు:
అంటే తిట్టేవాడే వెళ్లి తాంబూలం పుచ్చుకొచ్చాడు.

సీనుపేపరు:
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ దారం చూసి ఆగలేకపోయా.

నేను హైదరాబాద్‌లో పదేళ్లుగా రాతపనిలో ఉన్నా. సీన్ పేపర్లు రాసి పంపిస్తా, అవి ఎవరి పేరు మీద వెళ్తాయో టైటిల్స్ పడేదాకా తెలియదు. ఒక సినిమాకి ఇంటర్వెల్ తర్వాత నుంచి మొత్తం నేనే రాశాను. సినిమా పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. మా అమ్మని తీసుకుని మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లా. టైటిల్ కార్డులు అయిపోయాయి. అమ్మ "నీది ఇంకా రాలేదేంరా" అంది. "చివర్లో వేస్తారమ్మా" అన్నాను. చివర్లో జనం లేచి నిలబడితే వాళ్ల మధ్యలోంచి అమ్మ స్క్రీను చూస్తూనే ఉంది.

అందుకే అడుగుతున్నా, ఆయన పేరు లేకుండా ఆస్కార్ వచ్చిందన్న ఆ 1957 సినిమా 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్', అదే క్వాయ్ వంతెన, దాని కథ ఏంటి? పేరు లేకుండా ఎలా రాశాడు?

మార్నింగ్‌షో మూర్తి:
తమ్ముడూ, మనసు చివుక్కుమంది. అమ్మగారు బాగున్నారా?

సీనుపేపరు:
బాగున్నారండీ. ఇప్పుడు సినిమాకు రమ్మంటే మోకాళ్లు నొప్పులంటారు.

చుక్కాని:
సీనుపేపరు గారూ, మీ ప్రశ్నకు నేను చెబుతాను.

లండన్‌లో మొదట చాలా ఇబ్బంది పడ్డాడు. అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు లాగేసుకుంది. 1954లో 'ది స్లీపింగ్ టైగర్' అనే సినిమాకు ఇంకొకరితో కలిసి మారుపేరు మీద రాశాడు. దాని దర్శకుడు జోసెఫ్ లోసీ కూడా వెలివేతవాడే, ఆయన పేరూ మారుపేరే! రచయితకు ముసుగు, దర్శకుడికి ముసుగు.

పియర్ బూల్ ఫ్రెంచిలో రాసిన క్వాయ్ నవల హక్కులు మొదట పట్టుకున్నది ఫోర్‌మనే. నిర్మాత శామ్ స్పీగెల్ చేతికి వెళ్లాక స్క్రిప్టు రాశాడు. దర్శకుడు డేవిడ్ లీన్‌కి అది నచ్చలేదు, ఇద్దరికీ పడలేదు. తర్వాత మైకేల్ విల్సన్ వచ్చి తిరగరాశాడు. ఈయనా వెలివేత జాబితాలో ఉన్నవాడే, అంతకుముందే ఒక ఆస్కార్ గెలిచినవాడు. ఇద్దరి పేర్లూ వేయడానికి వీల్లేదు. ఏం చేశారో తెలుసా? నవలా రచయిత బూల్ పేరే స్క్రీన్‌ప్లే మీదా వేశారు. ఇంగ్లీషులో స్క్రీన్‌ప్లే రాయగలిగే మనిషి కాదు ఆయన. 1958 ఆస్కార్ సభలో ఆయనకే బహుమతి. ఆయన రాలేదు, నటి కిమ్ నొవాక్ అందుకుంది.

అప్పట్లో అకాడమీకి ఒక నియమం కూడా ఉండేది, కమిటీకి సహకరించనివాళ్లు ఆస్కార్‌కి అనర్హులని. 1957లో తెచ్చారు, 1959 జనవరిలో ఎత్తేశారు.

ముక్కుసూటి:
ఇందులో కూడా ఒక మెలిక. ఫోర్‌మన్ రాసిందాంట్లో తెరమీదకు వచ్చింది కొంచెమేనని లీన్ జీవితాంతం అన్నాడు. విల్సన్ వాటా పెద్దదని చాలామంది ఒప్పుకుంటారు. కాబట్టి 'ఫోర్‌మన్ ఆస్కార్ దొంగిలించారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పాపం విల్సన్‌కి రెండోసారి అన్యాయం.

సీనుపేపరు:
అది మాకు రోజూ జరిగేదే సర్. ఆరుగురు రాస్తారు, ఎవరిది ఎంతో తేలదు. కానీ మమ్మల్ని ఎవరూ దేశం నుంచి తరమలేదు, పాస్‌పోర్టు లాక్కోలేదు. నాది ఆయన కథలాంటిదే అని నేను అనను.

గోదారి గట్టు:
క్వాయ్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. ఆ సినిమా తీసింది శ్రీలంకలో, కితుల్‌గల దగ్గర. అసలు రైలుమార్గం థాయిలాండ్ నుంచి బర్మాకి. సినిమాలో అంతా తెల్ల ఖైదీలే కనిపిస్తారు. వాళ్లలో 12,000 మందికి పైగా పోయారు, నిజమే. కానీ మలయా రబ్బరు తోటల నుంచి జపాన్ సైన్యం తోలుకుపోయిన కూలీలు, ఎక్కువగా తమిళులు, వాళ్లతో పాటు మన తెలుగువాళ్లు, అంతకు ఎన్నో రెట్లు చచ్చిపోయారు. రాసినవాళ్ల పేర్లయినా తర్వాత దొరికాయి. వీళ్లవి చాలామందివి ఎక్కడా లేవు.

రీలుపెట్టె:
ఇది నాకు అస్సలు తెలియదండీ. దీని మీద విడిగా ఒక దారం తెరవండి, ప్లీజ్.

డాలస్ దొరబాబు:
నేను మాట్లాడగలిగే టాపిక్ కోసం చూస్తున్నా. నీడ పడే ఆ స్తంభం అరిజోనాలో కాన్యన్ డి షే అనే చోట ఉంది. స్పైడర్ రాక్ అంటారు, దాదాపు 750 అడుగులు. నవాహో తెగవాళ్ల భూమి. పైన అంచు దాకా కారు పోతుంది, అక్కడ నిలబడి చూడొచ్చు. కిందికి దిగాలంటే నవాహో గైడ్ ఉండాలి. మా ఆవిడ "ఇంత దూరం ఒక బండ కోసమా" అంది. మా మామగారు మాత్రం హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో చూసి "నీడ ఎటు పడుతోంది అల్లుడూ" అని అడిగారు.

ఇంకో సంగతి. ఆ షూటింగ్ జరుగుతున్నప్పుడు ఫోర్‌మన్ సినిమా చదివే నలుగురు విద్యార్థుల్ని లొకేషన్‌కి పిలిపించి, మీకు నచ్చింది చిన్న సినిమా తీసుకోండని డబ్బిచ్చాడు. అందులో ఒక కుర్రాడు పెద్ద సినిమా హడావుడి వదిలేసి ఎడారిని, ఆకాశాన్ని తీశాడు. దాని పేరు కూడా ఒక తేదీయే, 6-18-67. ఆ కుర్రాడు జార్జ్ లూకస్.

ఎర్రబస్సు:
స్టార్ వార్స్ లూకసా!! ఇదిగో, ఇలాంటివి మొదట్లోనే చెప్పాలి.

మార్నింగ్‌షో మూర్తి:
ఇంగ్లండ్‌లో రెండో ఇన్నింగ్స్ ఎవరూ రాయలేదు, నేను అందుకుంటా.

1956లో ఆయన మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాడు, ఈసారి తలుపులు మూసి. తన సంగతి చెప్పాడు గానీ ఇతరుల పేర్లు చెప్పలేదు. అయినా కొలంబియాతో కాంట్రాక్టు వచ్చింది. పేర్లు చెప్పకుండా ఎలా బయటపడ్డాడని తోటి వెలివేతవాళ్లలో కొందరు చాలాకాలం అనుమానంగానే చూశారు.

ఇక అక్కణ్నుంచి మనిషి మారాడు. రచయితే కాదు, నిర్మాత కూడా. నా ఉద్దేశంలో ఇది లెక్క చూసి వేసిన అడుగు. రైటరు పేరు తుడిచేయడం సులువు, చెక్కు మీద సంతకం పెట్టేవాడి పేరు తుడవడం అంత సులువు కాదు. 1961లో 'గన్స్ ఆఫ్ నవరోన్' రాసి నిర్మించాడు. ఏడు ఆస్కార్ నామినేషన్లు, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఒకటి వచ్చింది. మొదట పెట్టుకున్న దర్శకుడు మెకెండ్రిక్‌ని షూటింగ్ మొదలయ్యే ముందు తీసేసి జె. లీ థామ్సన్‌ని తెచ్చాడు. తనను తీసేసిన బాధ తెలిసినవాడే ఇంకొకణ్ని తీసేశాడు మరి, నిర్మాత కుర్చీ అలాంటిది.

1963లో 'ది విక్టర్స్' ఒక్కటే స్వయంగా డైరెక్ట్ చేశాడు. తర్వాత మన మెకన్నాస్ గోల్డ్. దానికి తోటి నిర్మాత ఎవరనుకున్నారు? 'హై నూన్'కి పాట కట్టిన సంగీత దర్శకుడు దిమిత్రి టియోమ్కిన్. పాత స్నేహం. 1970లో ఇంగ్లండ్ రాణి గారి సీబీఈ బిరుదు. 1972లో చర్చిల్ కుర్రతనం మీద 'యంగ్ విన్‌స్టన్' రాసి నిర్మించి, దర్శకత్వం రిచర్డ్ అటెన్‌బరోకి ఇచ్చాడు. పదేళ్ల తర్వాత ఆ అటెన్‌బరోనే మన 'గాంధీ' తీశాడు. చర్చిల్ నుంచి గాంధీకి! 1975లో అమెరికా తిరిగి వెళ్లాడు, తర్వాత చెప్పుకోదగ్గది ఏమీ లేదు. చివరి సినిమా ఒక అగ్నిపర్వతం గోల, చూడకండి.

ముక్కుసూటి:
'యంగ్ విన్‌స్టన్'కి స్క్రీన్‌ప్లే నామినేషన్ కూడా వచ్చింది. కమ్యూనిస్టని తరిమితే వెళ్లి చర్చిల్ మీద సినిమా తీశాడు. జాన్ వేన్ ఏమనుకున్నాడో.

చుక్కాని:
ఆయన 1984 జూన్‌లో పోయాడు, మెదడులో గడ్డ. క్వాయ్ స్క్రీన్‌ప్లే ఫోర్‌మన్, విల్సన్ ఇద్దరిదని అకాడమీ ఒప్పుకున్నది ఆ ఏడాదే. విల్సన్ 1978లోనే పోయాడు. ఇరవై ఏడేళ్ల కిందటి సినిమాకి ఆస్కార్లు వాళ్ల కుటుంబాలకు అందాయి. కూతురు అమాండా ఫోర్‌మన్ ఇప్పుడు పేరున్న చరిత్రకారిణి.

రీలుపెట్టె:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి చిన్న పరిశోధన చేశా. నాన్న దగ్గర క్వాయ్ వంతెన పాత వీడియో క్యాసెట్ ఉంది, బూజు పట్టింది గానీ మా పక్కింటి అంకుల్ వీసీఆర్‌లో ఆడింది. టైటిల్స్‌లో స్క్రీన్‌ప్లే పియర్ బూల్ అని ఒక్క పేరే. తర్వాత ఫోన్లో కొత్త ప్రింటు పెట్టా. అందులో విల్సన్, ఫోర్‌మన్ పేర్లు ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి నాన్నకి చూపించా. చాలాసేపు చూసి, "ఈ కార్డు మళ్లీ కొత్తగా తీసి అతికించారా?" అన్నారు. అవును నాన్నా అన్నా. "అక్షరాలు అచ్చం పాతవాటిలాగే ఉన్నాయే" అన్నారు.

సీనుపేపరు:
ఆ రెండు కార్డులూ ఫోటో తీసి ఇక్కడ పెట్టగలరా? అమ్మకి చూపిస్తా.

రీలుపెట్టె:
క్యాసెట్ ఇరుక్కుపోయిందండీ, తీయడానికి అంకుల్ స్క్రూడ్రైవర్ వెతుకుతున్నారు. రేపు పెడతా.